ప్రేమ కానుకగా చాక్లెట్టు పెట్టె

ఒక ఫిబ్రవరి నెలలో విద్యార్థుల అధ్యయన తరగతికి ఉపన్యాసకుడిగా వెళ్లాను. నేను మాట్లాడవలసిన విషయం పందొమ్మిదవ శతాబ్దపు యూరపు సాహిత్యం. కాని ఆనాటి తేదీ పదిహేను. ముందురోజు కళాశాల ఆవరణలో జరిగిన సందడి అందరి మనస్సుల్లోనూ ఇంకా మెదులుతూనే వున్నది. ఉపన్యాసం ముగియగానే ఒక విద్యార్థి లేచి, ప్రేమికుల రోజు పట్ల అభ్యుదయవాదుల వైఖరి ఏమిటని అడిగాడు. నేను పెద్దగా ఆలోచించకుండా, చేతికందిన జవాబు చెప్పాను. అది పెట్టుబడిదారులు తమ సరుకు అమ్ముకోవటానికి కల్పించిన పండుగ అనీ, దానితో మనకు పనిలేదనీ అన్నాను. చప్పట్లు మోగాయి. అవి ఆగీ ఆగకముందే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ, అమ్ముకోవటానికే అయితే సబ్బులు అమ్మవచ్చు, గొడుగులు అమ్మవచ్చు. చాక్లెట్లే ఎందుకు అమ్మారు? ఆ పెట్టె గుండె ఆకారంలోనే ఎందుకు వున్నది?" అని అడిగింది.

నాకు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవటానికి బదులు, ఏదో హాస్యమాడి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఒక ఆచారాన్ని "కల్పితం" అని కొట్టిపారవేయటం సులభం. మానవసమాజంలో కల్పితం కాని ఆచారమేది? ఎవరు కల్పించారు, ఎప్పుడు, ఏ పరిస్థితులలో, ఎవరి శ్రమ మీద కల్పించారు, దానిని అందుకున్న జనం దానితో ఏం చేశారు - ఈ ప్రశ్నలకు జవాబు చెప్పినప్పుడే అది విమర్శ అవుతుంది. లేకపోతే వట్టి విసుగు అవుతుంది. ఆనాడు నేను ప్రదర్శించినది విసుగే. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ప్రేమించినవారికి తీపి పెట్టటం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. మన తిరునాళ్లలో కుర్రవాడు మరదలికోసం కొన్న జీళ్ల పొట్లం, గాజుల జత కూడా ప్రేమ కానుకలే. వాలెంటైన్ దినమూ చాక్లెట్టుతో పుట్టినది కాదు. ఆ దినాన్ని పక్షులు జతకట్టే దినంగా వర్ణించి ప్రణయంతో ముడిపెట్టినవాడు పధ్నాలుగవ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్. ఆ తరువాత కొన్ని వందల ఏళ్లపాటు ఆ దినానికి పద్యాలూ, చీటీలూ, చిన్న చిన్న కానుకలూ వున్నాయి కాని చాక్లెట్టు లేదు. 1840లో ఇంగ్లండులో పెన్నీ పోస్టు వచ్చింది. ఎంత దూరమైనా ఒక్క పెన్నీకే ఉత్తరం చేరే ఏర్పాటు అది. దానితో పనిమనిషి, దుకాణపు గుమాస్తా, మిల్లు కార్మికురాలు కూడా ప్రేమ చీటీ పంపుకోగలిగారు. అంతవరకూ తీరికా, చదువూ, నౌకర్లూ వున్న వర్గాలకే వీలైన ప్రణయలేఖను రైలుబండీ, తపాలా బిళ్లా సామాన్యుడి చేతిలో పెట్టాయి. ఇది చరిత్రలో చిన్న విషయం కాదు. అయితే ఈ జనం చేతిలో వున్నది కాగితమే కాని మిఠాయి కాదు.

చాక్లెట్టు అప్పటికి ఎక్కడ వున్నది? అది అప్పటికి తినే వస్తువు కాదు, తాగే వస్తువు. మధ్య అమెరికా ప్రజలు వేల ఏళ్లుగా ఎరిగిన కోకో గింజను స్పెయిను ఆక్రమణదారులు యూరపుకు తెచ్చారు. రాజాస్థానాలలో అది వేడి పానీయమైంది. 1657 నాటికి లండనులో చాక్లెట్టు పానశాల వెలిసింది. అక్కడ కూర్చున్నవారు ప్రభువులూ, వర్తకులూ, జూదరులూను. గిన్నెలో కలిసే చక్కెర కరిబియన్ దీవులలో నీగ్రో బానిసలు పండించినది. ఆ పానీయం చిక్కగా, జిడ్డుగా వుండేది. కోకో గింజలో సుమారు సగం కొవ్వే. ఆ జిడ్డు పీల్చుకోవటానికి బంగాళదుంప పిండి, సగ్గుబియ్యపు పిండి వంటివి కలిపేవారు.

ఇక్కడే మన కథకు మూలమైన యంత్రం ప్రవేశిస్తుంది. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం కోకో గింజల ముద్దను ఒత్తి కొవ్వును వేరుచేసే యంత్రానికి హక్కులు పొందింది. కొవ్వు పోయిన తరువాత మిగిలిన పిప్పిని పొడిచేస్తే, నీళ్లలో చక్కగా కలిసే కోకో పొడి వస్తుంది. బర్మింగ్‌హామ్‌లో జాన్ క్యాడ్‌బరీ నడిపిన వ్యాపారం క్షీణించిపోతున్న దశలో, 1861లో, ఆయన కుమారులు రిచర్డ్, జార్జి దానిని చేపట్టారు. వారు క్వేకర్ మతస్థులు. మద్యానికి బద్ధవిరోధులు. వారు ఆ డచ్చి యంత్రాన్ని కొని తెచ్చి, 1866లో పిండి కలపని స్వచ్ఛమైన కోకో పొడిని 'కోకో ఎసెన్స్' అనే పేరుతో బజారులో పెట్టారు. ఆహారపదార్థాల కల్తీ గురించి ఇంగ్లండు అంతటా గగ్గోలు పుట్టిన కాలమది. స్వచ్ఛత అన్న మాట వారిని నిలబెట్టింది.

అయితే పొడి అమ్ముడుపోయిన కొద్దీ మరొక సమస్య పెరిగింది. ఒత్తి తీసిన కొవ్వును ఏం చేయాలి? గుట్టలుగా పేరుకుపోతున్న కోకో వెన్నకు గిరాకీ ఎక్కడిది? బ్రిస్టలులో ఫ్రై సంస్థ 1847లోనే దారి చూపింది. కోకో ముద్దలో చక్కెరతోపాటు అదనంగా కోకో వెన్న కలిపితే అచ్చులో పోయటానికి వీలైన, కొరికి తినే చాక్లెట్టు తయారవుతుంది. పానీయాన్ని పలచన చేయటానికి తీసివేసిన కొవ్వే మిఠాయిని గట్టిపరచటానికి పనికివచ్చింది. చక్కెర ధరలు పడిపోతూ వచ్చాయి. 1874లో బ్రిటిషు ప్రభుత్వం చక్కెర మీద సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసింది. ఈ విధంగా ఒక ఫ్యాక్టరీలో మిగిలిపోయిన ఉపఉత్పత్తి తనను తినే నోటిని వెతుక్కుంటూ బయలుదేరింది.

కొరికి తినే చాక్లెట్టు రోజువారీ ఆహారం కాదు. అన్నం మానేసి ఎవరూ దానిని తినరు. అటువంటి వస్తువు అమ్ముడుపోవాలంటే ఒక సందర్భం కావాలి. రిచర్డ్ క్యాడ్‌బరీ బొమ్మలు వేయగలవాడు. ఆయన 1868లో, పైన రంగుల బొమ్మలున్న అలంకరించిన పెట్టెలలో రకరకాల చాక్లెట్లు పేర్చి అమ్మటం మొదలుపెట్టాడు. పిల్లల బొమ్మలూ, పూలూ, ప్రకృతి దృశ్యాలూ తానే చిత్రించాడు. పాపాయి పిల్లికూనను ఎత్తుకున్న బొమ్మ వాటిలో ఎంతో పేరు పొందింది. హృదయాకారపు పెట్టెను వాలెంటైన్ దినానికి ప్రవేశపెట్టిన గౌరవం కూడా ఆయనకే ఇస్తారు. లోపలి మిఠాయి రెండు రోజులలో అయిపోతుంది. పెట్టె మిగులుతుంది. దానిలో ఉత్తరాలూ, ఎండిన పూలూ, జ్ఞాపకాలూ దాచుకుంటారు. పెట్టె గుండె ఆకారంలో ఎందుకున్నదన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇది. అప్పటికే జనంలో వ్యాపించిన ప్రేమ చీటీ అనే ఆచారం మీద గుండె బొమ్మ వున్నది. తన ఇంట పుట్టని ఆ బొమ్మను సరుకు ఎత్తుకుని తన మూతకు తగిలించుకున్నది.

ఇక్కడ ఒక తేదీల వరుసను చూడండి. 1866లో కోకో ఎసెన్స్ వచ్చింది. 1867లో హాంబర్గ్‌లో మార్క్స్ రచించిన 'కాపిటల్' మొదటి సంపుటం వెలువడింది. 1868లో రిచర్డ్ క్యాడ్‌బరీ పెట్టె వచ్చింది. మనుషుల మధ్య వున్న సంబంధం సరుకుల మధ్య సంబంధంగా కనబడుతుందనీ, శ్రమ చరిత్ర వస్తువు మీద ఎక్కడా కనబడకుండా పోతుందనీ మార్క్స్ విశదీకరించిన మరుసటి సంవత్సరమే ఆ సూత్రానికి ఇంతకంటె అందమైన ఉదాహరణ బజారులోకి వచ్చింది. ఆ పెట్టె మూత మీద పాపాయి వున్నది, పిల్లికూన వున్నది, గులాబి వున్నది. కోకో కాయ కోసిన మనిషి లేడు.

ఆ మనిషిని చూడటానికి ముందు, పెట్టెలో చాక్లెట్లు పేర్చిన మనిషిని చూద్దాం. 1879లో క్యాడ్‌బరీ సోదరులు బర్మింగ్‌హామ్ మురికివాడలను వదిలి, పచ్చిక బయళ్ల మధ్య బోర్న్‌విల్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. తోటలు, ఆటస్థలాలు, ఈతకొలను, తరువాత కార్మికులకు ఇళ్లు - ఆనాటి ఇంగ్లీషు ఫ్యాక్టరీలతో పోలిస్తే ఇది నిజంగా మెరుగైన చోటు. దానిని కాదనటం చరిత్రకు అన్యాయం. తెల్లని దుస్తులు ధరించిన యువతులు బల్లల ముందు నిలబడి పెట్టెలలో చాక్లెట్లు పేర్చేవారు. స్త్రీలకూ పురుషులకూ వేరువేరు ఆటస్థలాలు. పెళ్లయిన స్త్రీకి అక్కడ ఉద్యోగం వుండేది కాదు. పెళ్లి కుదిరిన పిల్లకు ఒక బైబిలు, ఒక పువ్వు ఇచ్చి సాగనంపేవారు. ఏళ్ల తరబడి ఇతరుల ప్రేమలకు పెట్టెలు కట్టిన చేతులు తమ ప్రేమ ఫలించిన రోజున కూలి పోగొట్టుకునేవి. ఇది ఏ క్రూరుడి కుట్రా కాదు. భార్య ఇంట్లో, భర్త కూలిలో వుండటమే నీతి అనుకున్న మంచివారు చేసిన నియమం. మంచివారి నియమాలలో కూడా వర్గమూ, పురుషాధిక్యతా ఎలా పనిచేస్తాయో ఇంతకంటె చక్కగా చెప్పే సాక్ష్యం అక్కరలేదు.

ఇక కాయ కోసిన మనిషి సంగతి. ఆఫ్రికా పడమటి తీరాన, గినియా అఖాతంలో, సావో తోమే, ప్రిన్సిపె అనే రెండు దీవులున్నాయి. అప్పుడవి పోర్చుగీసు వలసలు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో క్యాడ్‌బరీ సంస్థ కొనే కోకోలో సుమారు సగం ఆ దీవులనుంచే వచ్చేది. పోర్చుగలు కాగితం మీద బానిసత్వాన్ని రద్దుచేసింది. దాని స్థానంలో అయిదేళ్ల ఒప్పందం వచ్చింది. అంగోలా లోపలి ప్రాంతాలనుంచి మనుషులను పట్టి తెచ్చి, తీరంలో అధికారి ముందు నిలబెట్టి, వారికి తెలియని భాషలో ఒప్పందం చదివి, ఓడ ఎక్కించేవారు. అయిదేళ్లు గడిచాక తిరిగి ఇంటికి వచ్చిన అంగోలా మనిషి అంటూ దాదాపు లేడు. 1901లో రిచర్డ్ క్యాడ్‌బరీ కుమారుడు విలియం ఒక తోట అమ్మకపు ప్రకటన చూశాడు. భూమి, కట్టడాలు, పశువులతోపాటు కూలీలకు కూడా అందులో వెల కట్టి వున్నది. మనుషులకు వెల కట్టారంటే వారు ఏమిటో ఆయనకు తెలియకపోలేదు.

తెలిసిన తరువాత ఏం చేశారు? విచారించారు, ఉత్తరాలు రాశారు, లిస్బనుకు వెళ్లి వచ్చారు. హెన్రీ నెవిన్సన్ అనే పత్రికా రచయిత 1904-05లో అంగోలా మార్గాల వెంట నడిచి, దారి పక్కన సంకెళ్లనూ ఎముకలనూ చూసి, ఆ అనుభవాలను 1906లో పుస్తకంగా ప్రకటించాడు. క్యాడ్‌బరీ వారు తమ ప్రతినిధిగా జోసెఫ్ బర్ట్‌ను 1905లో పంపారు. ఆయన రెండేళ్లు తిరిగి అదే నిజం చెప్పాడు. చివరకు 1909 మార్చిలో ఆ దీవుల కోకో కొనటం మానివేశారు. 1901 నుంచి 1909 దాకా ఎనిమిదేళ్లు కొంటూనే వున్నారు. 'స్టాండర్డ్' అనే లండను పత్రిక దీనిని ఎత్తిపొడిస్తే, క్యాడ్‌బరీ వారు పరువునష్టం దావా వేశారు. 1909 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో తీర్పు వచ్చింది. విచారణలో, ఆ ఎనిమిదేళ్లలో తమ కోకోకోసం ఎన్ని ప్రాణాలు పోయాయో ఎప్పుడైనా అంచనా వేశారా అని ప్రతివాది న్యాయవాది కార్సన్ అడిగాడు. లేదని విలియం క్యాడ్‌బరీ జవాబిచ్చాడు. పత్రిక తప్పు చేసిందనే జ్యూరీ చెప్పింది. అయితే నష్టపరిహారంగా ఒక్క ఫార్దింగు ఇమ్మన్నది. ఫార్దింగు అంటే పెన్నీలో నాలుగో వంతు, మన దమ్మిడీ వంటిది. వ్యాపారి పరువుకు న్యాయస్థానం కట్టిన వెల అది. కాని అంగోలా కూలీలకు ఆ దమ్మిడీ కూడా దక్కలేదు.

నేను ఈ కథను క్యాడ్‌బరీ వారు దుర్మార్గులని చెప్పటానికి ఎత్తుకోలేదు. ఆ కాలపు యజమానులలో వారు నిజాయితీపరులు. సరిగ్గా అందుకే ఈ కథ మనకు ముఖ్యం. దయగల యజమాని కూడా ముడిసరుకు ఆగిపోతుందేమోనని ఎనిమిదేళ్లు ఆగాడంటే, సమస్య మనిషి స్వభావంలో కాక ఉత్పత్తి సంబంధాలలో వున్నదని అర్థం.

ఆ తరువాత వారు గోల్డ్‌కోస్టు కోకోకు, అంటే నేటి ఘనాకు, మళ్లారు. అక్కడ తోటల యజమానులు తెల్లవారు కారు. ఆఫ్రికా రైతులు తామే అడవి నరికి, తామే నాటి, 1911 నాటికి తమ దేశాన్ని ప్రపంచంలో అతిపెద్ద కోకో ఉత్పత్తిదారుగా చేశారు. కాని భూమి రైతుదైనా బజారు రైతుది కాదు. 1937లో యూరపు కొనుగోలు కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకుని ధరను అణచివేయబోతే, గోల్డ్‌కోస్టు రైతులు కోకో అమ్మటమే మానివేశారు. యూరపు సరుకులను బహిష్కరించారు. 1938 ఏప్రిల్ దాకా, నెలల తరబడి, గింజలు కదలలేదు. ప్రభుత్వం నోవెల్ కమిషన్‌ను వేయక తప్పలేదు. ఆ కంపెనీల వరుసలో క్యాడ్‌బరీ కూడా వున్నది. సావో తోమే కూలీకి తన మాట చెప్పుకునే దారి లేకపోయింది. గోల్డ్‌కోస్టు రైతు సమష్టిగా నోరు తెరిచాడు.

సరిగ్గా అదే దశాబ్దంలో ఇంగ్లండులో పెట్టె మరొక మెట్టు ఎక్కింది. 1933లో యార్క్ నగరపు రౌన్‌ట్రీ సంస్థ 'బ్లాక్ మ్యాజిక్' అనే పెట్టెను తెచ్చింది. యువకుడు యువతికి ఏ కానుక ఇస్తాడు, ఆమె ఏ రుచిని కోరుతుంది అని వేలమందిని ముందే విచారించి, ఆ జవాబులను బట్టి పెట్టె కట్టారు. రిచర్డ్ క్యాడ్‌బరీ జనంలో వున్న ఆచారాన్ని చూసి బొమ్మ గీశాడు. అరవై అయిదేళ్ల తరువాత సంస్థలు మనస్సును కొలిచి, ఆ కొలతకు తగిన పెట్టెను తయారుచేయటం నేర్చుకున్నాయి.

ఆచారమే లేనిచోట సరుకు ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు జపాను జవాబు చెబుతుంది. అక్కడ వాలెంటైన్ అనే పేరు కూడా సామాన్యులు ఎరుగరు. 1936లో కోబే నగరపు మొరోజోఫ్ అనే మిఠాయి సంస్థ వాలెంటైన్ కానుకగా చాక్లెట్లు ఇమ్మని ఒక ప్రకటన వేసింది. వేసినది విదేశీయులు చదివే ఇంగ్లీషు పత్రికలో. ఎవరూ కదలలేదు. యుద్ధం తరువాత, 1958లో, మేరీ అనే చాక్లెట్టు కంపెనీ టోక్యోలోని ఇసెటాన్ దుకాణంలో వాలెంటైన్ అమ్మకం పెట్టింది. మూడు రోజులలో నూట డెబ్బయి యెన్ల సరుకు మాత్రమే పోయిందని ఆ కంపెనీ కథగా చెప్పుకుంటుంది. మరుసటి ఏడు గుండె ఆకారపు చాక్లెట్టు చేసి, స్త్రీ పురుషుడికి ఇచ్చే దినంగా ప్రచారం చేశారు. కొత్త సంవత్సరపు ఖర్చులు అయిపోయి, ఫిబ్రవరిలో దుకాణాలు వెలవెలపోతాయి. దుకాణాలలో ఖర్చుపెట్టేవారిలో స్త్రీలే ఎక్కువ. పాశ్చాత్య దేశాలలో పురుషుడు ఇచ్చే కానుక జపానులో స్త్రీ ఇచ్చే కానుక కావటం వెనుక వున్నది ఈ లెక్క.

ఇంతవరకూ నా పాత జవాబు సరిపోయినట్టే కనబడుతుంది. కాని చరిత్ర ఇక్కడ ఆగలేదు. 1970ల దాకా ఆ ప్రచారం పెద్దగా ఫలించలేదు. ఫలింపజేసినవారు బడిపిల్లలు, కళాశాల అమ్మాయిలు. ఎందుకు? పెద్దలు సంబంధం చూసి పెళ్లి చేసే సమాజంలో, ఆడపిల్ల ముందుగా నోరు విప్పటం సిగ్గుమాలినతనంగా ఎంచే సమాజంలో, ఏడాదికి ఒక్కరోజు ఆమె ముందుగా చెప్పవచ్చునన్న అనుమతి దొరికింది. దుకాణదారుడు అమ్మినది చాక్లెట్టు. ఆమె కొన్నది మాట్లాడే హక్కు. ఈ రెండూ ఒకటి కావు. అమ్మినవాడి ఉద్దేశమే కొన్నవారి ఉద్దేశం అనుకోవటం యాంత్రిక భౌతికవాదం.

ఆ హక్కును కూడా సరుకు తిరిగి మింగింది. 1980లనాటికి స్త్రీ ఉద్యోగి తన కార్యాలయంలోని పై అధికారులకూ, తోటి పురుషులకూ మొక్కుబడిగా చాక్లెట్లు పంచవలసిన ఆచారం స్థిరపడింది. దానికి 'గిరి చోకో' అని పేరు. గిరి అంటే జపాను భాషలో బాధ్యత, రుణం. తక్కువ జీతానికి టీ కప్పులు అందించే స్త్రీ తన జేబులోంచి అధికారికి కానుక పెట్టాలి. దీనికి బదులుగా పురుషులు తిరిగి ఇచ్చే దినంగా మార్చి 14ను 'వైట్ డే' పేరుతో 1980 నుంచి మిఠాయి వ్యాపారుల సంఘమే నడిపింది. రుణం కల్పించినవారే రుణం తీర్చే మార్గాన్ని కూడా అమ్మారు. చివరకు 2018 ఫిబ్రవరిలో గోడివా అనే విదేశీ చాక్లెట్టు సంస్థ ఒక ఆర్థిక దినపత్రికలో నిండు పేజీ ప్రకటన వేసి, మొక్కుబడి చాక్లెట్లు మానండని జపాను ప్రజలకు చెప్పింది. స్త్రీలలో పేరుకున్న అసంతృప్తి అప్పటికి అంత బాహాటమైంది. ఆ అసంతృప్తిని కూడా ప్రకటనగా మార్చుకోవటం సరుకుకు తెలిసిన విద్య.

జపానులోనే నాకు అద్దం చూపిన మరొక దృశ్యం వున్నది. 2006లో అక్కడ ప్రేమకు నోచుకోని పురుషులు "విప్లవ" సంఘం ఒకటి పెట్టుకున్నారు. వాలెంటైన్ దినం సమీపించినప్పుడు టోక్యో వీధులలో ఊరేగి, ప్రణయ పెట్టుబడిదారీ విధానం నశించాలని నినాదాలిచ్చారు. మాటలన్నీ మనవే. కాని వారి కోపం కంపెనీ మీద కంటె చేయి చేయి పట్టుకుని నడిచే జంట మీద ఎక్కువ. ఆనాడు అధ్యయన తరగతిలో నేనిచ్చిన జవాబుకూ, ఈ ఊరేగింపుకూ ఎంత దూరమున్నది? నిజం చెప్పాలంటే చాలా తక్కువ.

మన దేశంలో ఇటువంటి పొరపాటుకు ధర ఇంకా ఎక్కువ. ఇక్కడ ఫిబ్రవరి 14ను వ్యతిరేకించే బలగం వేరే వున్నది. సంస్కృతి రక్షకులమంటూ వారు పార్కులలో జంటలను తరుముతారు. 2019లో హైదరాబాదు శివారు పార్కులో ఒక జంటను పట్టుకుని, వారిచేత బలవంతంగా పసుపుతాడు కట్టించారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, తక్కువ కులంవాడు తమ బిడ్డను పెళ్లాడాడని, గర్భిణి అయిన భార్య కళ్లముందే యువకుణ్ణి ఆమె తండ్రి కిరాయి హంతకుడిచేత నరికించాడు. మన నేల మీద ప్రేమకు ప్రధాన శత్రువు చాక్లెట్టు కంపెనీ కాదు. కులం, దానిని కాపాడే కుటుంబపు ఆస్తి. ఈ స్థితిలో "ఇది విదేశీ వ్యాపారపు పండుగ" అని మనం ముక్తసరిగా అంటే, ఆ మాట ఎవరి నోట ప్రతిధ్వనిస్తుందో ఆలోచించాలి. సంస్కృతి రక్షకుడు కూడా ఆ మాటే అంటాడు. అతడికి పెట్టెలోని శ్రమతో పనిలేదు. పెట్టె అందుకునే చేయి ఏ కులానిదన్నదే అతడి విచారం.

అయితే పెట్టెను వదిలి ప్రేమను మాత్రమే సమర్థిస్తే చాలునా? చాలదు. ఆ పెట్టె ఈనాడు మన పొలంలోకి కూడా వచ్చింది. గోదావరి జిల్లాలలో కొబ్బరి తోటల నీడన, ఆయిల్‌పామ్ తోటలలో అంతరపంటగా కోకో పెరుగుతున్నది. భారతదేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. పశ్చిమాఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో ప్రపంచ ధర చరిత్రలో ఎన్నడూ లేనంతగా ఎగబాకింది. ఆ ఏడు మన రైతుకు కిలో గింజలకు వెయ్యి రూపాయల దాకా వచ్చింది. మరుసటి ఏడు కొనేవారు ధర సగానికి దించారు. గింజల నాణ్యత మీద వంకలు పెట్టారు. 2025లో ఏలూరు ప్రాంతపు కోకో రైతులు రోడ్డెక్కారు. ప్రభుత్వం జోక్యం చేసుకుని కిలోకు కొంత సహాయం ప్రకటించవలసి వచ్చింది. 1937లో గోల్డ్‌కోస్టు రైతు ఎదుర్కొన్న ప్రశ్నే ఇది. ఎందరో అమ్మేవారు, కొద్దిమంది కొనేవారు.

పశ్చిమాఫ్రికాలో ఆ ప్రశ్న ఇంకా తీరలేదు. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఘనా, ఐవరీకోస్టు దేశాలదే. కోకో తోటలలో పిల్లల వెట్టిని తొలగిస్తామని 2001లో పెద్ద కంపెనీలు ఒడంబడిక మీద సంతకం చేశాయి. గడువు 2005. అది పొడిగిస్తూ పోయారు. 2020లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా సంస్థ వెల్లడించిన లెక్క ప్రకారం, ఆ రెండు దేశాల కోకో తోటలలో పనిచేస్తున్న బాలకార్మికులు 15 లక్షల 60 వేలు. మాలీ నుంచి తరలించబడి ఆ తోటలలో చాకిరీ చేసిన ఆరుగురు, పెద్దవారయ్యాక, అమెరికాలో కంపెనీల మీద దావా వేశారు. 2021 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ దావా అమెరికాలో చెల్లదని తేల్చింది. 1909 తీర్పులో కూలీలకు దమ్మిడీ దక్కలేదు. 2021లోనూ దక్కలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయికి జవాబు చెప్పగలను. చాక్లెట్లే ఎందుకంటే, కోకో పొడి చేసే ఫ్యాక్టరీలో వెన్న మిగిలింది కనుక, చక్కెర చవక అయింది కనుక, ఆకలికి తినని ఆ సరుకుకు ఒక సందర్భం అవసరమైంది కనుక. గుండె ఆకారమే ఎందుకంటే, పెన్నీ తపాలాతో ప్రేమ చీటీ రాసుకున్న సామాన్య జనం ఆ గుర్తును అప్పటికే తమదిగా చేసుకున్నారు కనుక. గుండె జనానిది. పెట్టె కంపెనీది. ఈ రెండింటినీ విడదీసి చూడటమే మన పని. రెండింటినీ కలిపి పూజించటం వర్తకుడి పని. రెండింటినీ కలిపి తగలబెట్టటం ఛాందసుడి పని.

కాబట్టి ఫిబ్రవరి 14న చాక్లెట్టు ఇచ్చే విద్యార్థిని మనం ఎగతాళి చేయనక్కరలేదు. పార్కులో అతణ్ణీ ఆమెనూ తరిమే గుంపు ఎదురైతే మన విద్యార్థి సంఘాలు ఆ ఇద్దరికీ ముందు నిలబడాలి. అదే సంఘాలు కోకో రైతు ఏలూరులో ధర్నాకు కూర్చున్న రోజున ఆ పక్కన కూడా కూర్చోవాలి. మొదటి పనిచేసి రెండవది మానితే మనం వట్టి ఉదారవాదులమవుతాం. రెండవది చేసి మొదటిది మానితే, యువతకు మన మాట వినవలసిన అవసరం కనబడదు. వచ్చే ఫిబ్రవరిలో ఆ పట్టణానికి మళ్లీ రమ్మన్నారు. ఈసారి యూరపు సాహిత్యం గురించి కాక, ఈ పెట్టె గురించే మాట్లాడతానని రాశాను. ఆ అమ్మాయి వస్తే ముందు వరుసలో కూర్చోమని కూడా రాశాను. ఆమె దగ్గర ఇంకా ప్రశ్నలు వుండే వుంటాయి.